పేరు లేదా, పలికేవారు లేరా? – ‘డి.ఎన్.ఎస్. అండ్ బైండ్’ గ్రంథ విమర్శ

గార్లదిన్నె అనంతపురానికి ఉత్తరంగా, హైదరాబాదు–బెంగుళూరు రహదారి మీద ఉన్న మండల కేంద్రం. ఆ మండలంలోనే పెనకచర్ల వద్ద మధ్య పెన్నా జలాశయం ఉన్నది. అయినా చాలా పొలాలకు వానే దిక్కు. ఆ వాన ఈ జిల్లాలో సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే. పదును చూసుకొని వేరుశనగ విత్తే రోజులు కొద్ది. విత్తనం, అప్పు, పంట బీమా, పాసు పుస్తకం – వీటి కాగితాలన్నీ ఆ కొద్ది రోజులలోనే తెమలవలెను. ఒకప్పుడు ఈ పని దస్త్రాలతో జరిగేది; ఇప్పుడు కంప్యూటరు లేకుండా జరుగదు. అది ఒక పూట మొరాయించినదంటే, పెనకచర్ల నుండి బస్సెక్కి వచ్చిన రైతు ‘రేపు రా’ అనిపించుకొని తిరిగి పోవలసినదే.

అటువంటి చోట నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉన్న చిన్న కార్యాలయాన్ని పాఠకుడు ఊహించుకొనవచ్చును. లెక్కలన్నీ ఒక యంత్రంలో ఉన్నవి. దానికి ‘లెక్కలు’ అనే పేరు పెట్టినారు. మిగిలిన మూడు యంత్రాలు ఆ పేరుతో దానిని పిలిచి, రైతుల ఖాతాలు తెరుచుకొనును. ఒకనాటి ఉదయం వాటిలో ఒక యంత్రం నుండి ‘లెక్కలు’ తెరుచుకొనలేదు. ఆ పేరు గల యంత్రం దొరకలేదని, పేరు సరిచూసుకొమ్మని తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చినది. గుమాస్తా అనంతపురంలోని మెకానిక్కుకు ఫోను చేసినాడు.

“నెట్టు వస్తాంది సార్, లెక్కలే తెరుచుకోవడం ల్యా.”

“ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయప్పా.”

ఆపి వేసినా తెరుచుకొనలేదు. ఇక్కడి నుండి ఏమి చేయవలెనన్నది ఒక శాస్త్రం. ఆ శాస్త్రానికి ప్రామాణిక గ్రంథమని కంప్యూటరు పనివారు మూడు దశాబ్దాలుగా చెప్పుకొనే పుస్తకం ఒకటి ఉన్నది. అది గార్లదిన్నె వంటి చోట ఎంతవరకు అక్కరకు వచ్చును, ఎక్కడ చేయి విడుచును అనేది ఇక్కడ పరిశీలింపదగిన విషయం.

పుస్తకం పేరు ‘డి.ఎన్.ఎస్. అండ్ బైండ్’. గ్రంథకర్తలు పాల్ ఆల్బిట్జ్, క్రికెట్ లియు. అమెరికాలోని ఓరైలీ సంస్థ దీనిని 1992లో మొదట ప్రచురించినది. ఐదవ కూర్పు 2006లో వెలువడినది. అట్ట మీద మిడతల బొమ్మ ఉన్నది. గ్రంథకర్తలలో ఒకరి పేరుకు కీచురాయి అని అర్థం గనుక ఈ బొమ్మ చమత్కారమని కొందరు అనుకొందురు. కాని ఆ ప్రచురణ సంస్థ తన పుస్తకాలలో చాలా వాటి మీద ఏదో ఒక జంతువును వేయుచునే ఉన్నది. ఇద్దరూ హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో పనిచేసినవారు. చేత్తో పని చేసినవారు రాసిన పుస్తకమన్న సంగతి ప్రతి అధ్యాయంలోనూ తెలియుచుండును.

మొదటి అధ్యాయంలోని చరిత్ర చక్కగా ఉన్నది. కంప్యూటర్లు ఒకదానిని మరొకటి సంఖ్యలతో గుర్తించును. మనుషులకు పేర్లు కావలెను. పేరు నుండి సంఖ్యకు పోయే దారి ఒకటి ఎవరో ఒకరు వేయవలెను. 1970ల ప్రాంతంలో అర్పానెట్ అనే అమెరికా దేశపు వలయంలో కొన్ని వందల యంత్రాలు మాత్రమే ఉండేవి. వాటన్నిటి పేర్లూ, సంఖ్యలూ ‘హోస్ట్స్ డాట్ టి.ఎక్స్.టి.’ అనే ఒకే ఒక జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దానిని ఉంచేది. తక్కినవారందరూ దాని నకలు తెచ్చుకొనేవారు. యంత్రాలు పెరిగిన కొద్దీ నకళ్ల భారం పెరిగినది. ఇద్దరు ఒకే పేరు పెట్టుకొంటే తగవు వచ్చినది. ఈ మూల నుండి ఆ మూలకు నకలు చేరేసరికి అసలు మారిపోయేది. ఈ చిక్కును తీర్చుటకు 1983లో పాల్ మొకపెట్రిస్ ఒక పద్ధతిని ప్రతిపాదించినాడు. 882, 883 సంఖ్యలు గల పత్రాలలో అది ఉన్నది. 1987లో వాటి స్థానంలో 1034, 1035 పత్రాలు వచ్చినవి. ఈనాటికీ డి.ఎన్.ఎస్. అనే నామ వ్యవస్థకు పునాది ఆ రెండు పత్రాలే.

ఆ పద్ధతిని తపాలా చిరునామాతో పోల్చి తెలుగు పాఠకునికి సులువుగా చెప్పవచ్చును. జాబు మీద ఇంటి పేరు, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం అని రాయుదుము. చదివేవారు చివరి నుండి చదువుదురు. రాష్ట్రంవారికి జిల్లాలు తెలిస్తే చాలును. గార్లదిన్నెలో ఎవరి ఇల్లు ఎక్కడ ఉన్నదో వారికి తెలియనక్కర లేదు. జిల్లావారు మండలం వైపు చూపింతురు, మండలంవారు ఊరి వైపు చూపింతురు. ఎవరి అధికారం వారిది. డి.ఎన్.ఎస్. పేరును కూడా కుడి చివర నుండి ఇలాగే విప్పుదురు. ప్రతి మెట్టులోనూ ఒక సర్వరు తన కింది మెట్టువారు ఎవరో చెప్పి పక్కకు తప్పుకొనును. ఒకసారి తెలిసిన జవాబును, అడిగిన సర్వరు కొంతకాలం జ్ఞాపకం ఉంచుకొనును. ఎంతకాలం ఉంచుకొనవచ్చునో జవాబు ఇచ్చినవారే చెప్పుదురు.

ఈ జ్ఞాపకంలోనే చిక్కూ ఉన్నది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను రెండు చేసి శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పరచినారు. గార్లదిన్నె పాత జిల్లాలోనే ఉండిపోయినది. కదిరి, హిందూపురం కొత్త జిల్లాకు పోయినవి. పాత చిరునామా పుస్తకం చూసి జాబు రాసేవాడు ఆ తరువాత కూడా ‘కదిరి, అనంతపురం జిల్లా’ అనే రాయును. అతడు అబద్ధమాడుట లేదు. అతని వద్ద ఉన్నది ఒకనాటి నిజం. నామ వ్యవస్థలో తప్పు జవాబులు చాలా భాగం ఈ జాతివి. దీనిని వివరించుటలో గ్రంథకర్తలకు సాటి లేదు. పేరు ‘లేదు’ అన్న జవాబును కూడా సర్వర్లు జ్ఞాపకం ఉంచుకొనునని, ఆ ‘లేదు’కు కూడా గడువు ఉండునని (1998లో 2308వ పత్రం ఈ సంగతిని స్థిరపరచినది) తెలిసిన తరువాత, ‘ఇప్పుడే సరిచేసినాము, ఇంకా రావడం లేదేమి?’ అన్న ప్రశ్న చాలా మంది నోట ఆగిపోవును.

గ్రంథంలో అన్నిటికన్నా విలువైనది దోషాలను కనుగొనే భాగం. ఐదవ కూర్పులో 12, 13, 14 అధ్యాయాలు దీనికే కేటాయించినారు. 12వ అధ్యాయంలో ‘ఎన్.ఎస్.లుకప్’, ‘డిగ్’ అనే రెండు ప్రశ్నించే సాధనాలను పరిచయం చేసినారు. వైద్యుడు రోగిని ‘ఒంట్లో ఎట్లా ఉన్నది?’ అని అడిగి ఊరుకొనడు. నాడి చూచును, నాలుక చూచును. అట్లే ఈ సాధనాలు ఒక నిర్దిష్టమైన సర్వరును ఒక నిర్దిష్టమైన ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్లు చూపించును.

ఇందులోని ముఖ్యమైన పాఠం ఒక్కటే. పేరు దొరకలేదనే ఫిర్యాదు వెనుక కనీసం మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చును. అడిగినవారు ‘అటువంటి పేరు లేదు’ అని స్పష్టంగా చెప్పవచ్చును. ‘నాకేదో ఇబ్బంది ఉన్నది, చెప్పలేను’ అనవచ్చును. లేదా ఎవరూ పలుకకపోవచ్చును. 1035వ పత్రం మొదటి దానికి 3, రెండవ దానికి 2 అనే సంకేతాలు నిర్ణయించినది. పలుకని వానికి సంకేతం ఎట్లాగూ ఉండదు. మొదటిది పేరులో దోషం, లేక అడుగరానివారిని అడిగిన దోషం. రెండవది సర్వరులో దోషం. మూడవది దారిలో దోషం కావచ్చును – తీగ, పెట్టె, కరెంటు, ఏదైనా కావచ్చును. ఈ మూడింటికీ మందులు వేరు. కాని గుమాస్తా తెర మీదికి వచ్చే వాక్యం మూడింటికీ ఒక్కటే! విండోస్ యంత్రంలో ‘పింగ్’ ఆజ్ఞ ఇచ్చి చూస్తే, సర్వరు ‘లేదు’ అన్నా, సర్వరే లేకపోయినా, ఆ యంత్రం దొరకలేదు, పేరు సరిచూసుకొమ్మనే చెప్పును. పేరు సరిగానే ఉన్నా ఆ మాట చెప్పుట మానదు. 1987 నాటికే వేరుచేసి పెట్టిన సంగతులను ఈనాటి తెర మళ్లీ ఒక్కటిగా కలిపివేయుచున్నది. మన ఊళ్లలో దానిని ఇంకా కుదించి ‘నెట్టు రావడం లేదు’ అన్న ఒక్క ముక్కలో ఇమిడ్చినారు. మెకానిక్కు కూడా ఆ ఒక్క ముక్కకే మందు ఇచ్చును.

ఎన్.ఎస్.లుకప్ ఈ కలగాపులగాన్ని విడదీయును. పేరు లేకుంటే లేదనును. జవాబు రాకుంటే గడువు తీరినదనును. అయితే గ్రంథకర్తలకు ఈ సాధనం మీద పూర్తి గౌరవం లేదు, డిగ్ వైపే వారి మొగ్గు. అందుకు తగిన కారణాలే చూపినారు. కాని విండోస్ యంత్రంలో చేతికందేది ఎన్.ఎస్.లుకప్ మాత్రమే కనుక పల్లె పాఠకునికి ఆ మొగ్గు వలన లాభం లేదు. ఆ సాధనంతో పని చేసేవానికి రెండు సంగతులు ముందే తెలియవలెను. మొదటి వరుసలో సర్వరు పేరు ‘తెలియదు’ అని వస్తే చాలా మంది అక్కడే దోషం దొరికినదని గంతులు వేయుదురు. దాని అర్థం ఆ సర్వరు సంఖ్యకు తిరుగు పేరు రాసి లేదని మాత్రమే; అది పలుకుచున్నదా లేదా అన్నది వేరే సంగతి. రెండవది, ఇచ్చిన పేరుకు ఆ సాధనం తనంతట తాను ఒక తోకను తగిలించి అడుగవచ్చును. పేరు చివర ఒక చుక్క పెట్టితే తోక తగిలించదు.

ఆ చుక్క గురించి గ్రంథంలో ఉన్న భాగం చదువరికి నవ్వు తెప్పించును. సర్వరులో పేర్లు రాసే దస్త్రంలో పూర్తి పేరు చివర చుక్క మరచిపోతే, సర్వరు ఆ పేరుకు మళ్లీ తన ప్రాంతపు పేరును కలుపును. ‘గార్లదిన్నె, అనంతపురం జిల్లా, అనంతపురం జిల్లా’ అని జాబు మీద రాసినట్లగును. ఇంత చిన్న దోషాన్ని గ్రంథకర్తలు తమ దోషాల పట్టికలో ప్రత్యేకంగా చేర్చినారంటే, వారు ఎన్ని రాత్రులు దానిని వెదికినారో ఊహించవచ్చును.

ఇంతవరకు గుణాలు. ఇక దోషం.

గ్రంథంలో ఉదాహరణలన్నీ ‘మూవీ యూనివర్సిటీ’ అనే కల్పిత విశ్వవిద్యాలయానివి. అక్కడి యంత్రాలకు ‘మిజరీ’, ‘షైనింగ్’ వంటి సినిమాల పేర్లు పెట్టినారు. రెండు వలయాలు, వాటి మధ్య ఒక ద్వారం, పేర్లను కాపాడుటకు సొంత సర్వర్లు, వాటిని చూసుకొనుటకు ఒక అధికారి – ఇది ఆ విశ్వవిద్యాలయపు ఏర్పాటు. 14వ అధ్యాయంలోని దోషాల పట్టిక కూడా ఆ అధికారి కోసమే. క్రమసంఖ్య పెంచుట మరచిపోవడం, సర్వరును మళ్లీ చదివించకపోవడం, అనుబంధ సర్వరుకు దస్త్రం అందకపోవడం, పై మెట్టువారు కింది మెట్టు పేరు రాయకపోవడం – ఇవన్నీ సర్వరు ఉన్నవారి రోగాలు. గార్లదిన్నె కార్యాలయంలో సర్వరే లేదు! ఆ పట్టికలో గుమాస్తాకు వర్తించేవి రెండు మూడు మాత్రమే: తీగ తెగడం, తన యంత్రంలో సర్వరు సంఖ్య తప్పు పడడం, పేరుకు తోక సరిగా లేకపోవడం.

గ్రంథం పేరే డి.ఎన్.ఎస్. గురించి, కనుక డి.ఎన్.ఎస్. కానిదాని గురించి చెప్పలేదని తప్పుపట్టుట న్యాయమా అని ఎవరైనా అడుగవచ్చును. గ్రంథకర్తలు తామే ఈ గీతను దాటినారు. 14వ అధ్యాయం మొదట్లోనే ‘మీ రోగం నిజంగా ఎన్.ఐ.ఎస్.ది కాదు గదా?’ అన్న అర్థంలో ఒక హెచ్చరిక ఉన్నది. ఎన్.ఐ.ఎస్. సన్ సంస్థవారి యంత్రాలలో వాడుకకు వచ్చిన మరొక నామ పద్ధతి. ఒకే యంత్రంలో రెండు పద్ధతులు ఉన్నప్పుడు, ఎన్.ఎస్.లుకప్ ఒక దారిని పోవును, తక్కిన కార్యక్రమాలు మరొక దారిని పోవచ్చును. కనుక ఏ దారిలో దోషమో ముందు తేల్చుకొమ్మని వారు చెప్పినారు. చాలా గొప్ప మాట. కాని అది యూనిక్స్ యంత్రాల వారికి చెప్పినట్లుగా చెప్పి ముందుకు సాగినారు. చిన్న కార్యాలయానికి ఆ మాటే అసలు పాఠం కావలసినది. పుస్తకంలో గడప మీదనే మిగిలిపోయినది.

చిన్న కార్యాలయంలో ‘లెక్కలు’ అన్న పేరును కనుగొనుటకు విండోస్ యంత్రం పోయే దారులు ఇవి. మొదట తన ‘హోస్ట్స్’ దస్త్రాన్ని, తన జ్ఞాపకాన్ని చూసుకొనును. అర్పానెట్ నాటి జాబితాకు ఇది మునిమనుమడు; ఇంకా ప్రతి యంత్రంలోనూ బ్రతికే ఉన్నది. (ఒక విడ్డూరం: ఆనాటి అసలు జాబితా పేరులో ‘టి.ఎక్స్.టి.’ అన్న తోక ఉండేది. ఈనాడు నోట్‌ప్యాడ్ పొరపాటున ఆ తోక తగిలించినదంటే యంత్రం ఆ దస్త్రాన్ని చూడనే చూడదు. ఎంత రాసినా వృథా.) అక్కడ లేకుంటే డి.ఎన్.ఎస్. సర్వరును అడుగును, చిన్న కార్యాలయంలో ఆ సర్వరు సాధారణంగా గోడకు తగిలించిన రౌటరు పెట్టె, లేక ఆ పెట్టె వెనుక ఉన్న కంపెనీవారి సర్వరు. వారికి ‘లెక్కలు’ ఎవరో తెలియదు. అప్పుడు యంత్రం చివరి ఉపాయం పన్నును: దండోరా వేయును.

దండోరా అన్నది ఉపమానం మాత్రమే కాదు, పద్ధతి అచ్చంగా అదే. ‘ఇక్కడ లెక్కలు అనేవారు ఎవరైనా ఉన్నారా?’ అని వలయంలో ఉన్న యంత్రాలన్నిటికీ వినిపించేటట్లు ఒక చాటింపు పోవును. ఆ పేరు గల యంత్రం ‘నేనే’ అని తన సంఖ్య చెప్పును. ఈ చాటింపులు మూడు తరాలవి. నెట్‌బయోస్ పద్ధతిని 1987 మార్చిలో 1001, 1002 పత్రాలలో రాసినారు. అందులో పేరుకు 15 అక్షరాలకు మించి చోటు లేదు. ఎల్.ఎల్.ఎం.ఎన్.ఆర్. 2007లోను, ఎం.డి.ఎన్.ఎస్. 2013లోను పత్రాలకెక్కినవి. మూడింటికీ ఒకే లక్షణం: దండోరా ఊరి పొలిమేర దాటదు. వలయానికి పొలిమేర రౌటరు. అవతల ఎంత దగ్గరలో ఉన్న యంత్రానికైనా ఆ కేక వినబడదు. పైగా విండోస్ యంత్రానికి ‘ఇది బజారు వలయం’ అని చెప్పి ఉంటే, అది దండోరా విన్నా పలుకదు. కొత్త వలయంలో చేరినప్పుడు యంత్రం వేసే ఆ ప్రశ్నకు తొందరలో ఏదో ఒక మీట నొక్కి తప్పించుకొనేవారే ఎక్కువ.

మూవీ యూనివర్సిటీ విద్యార్థికి దండోరా అక్కర లేదు. గార్లదిన్నె కార్యాలయానికి అదే ఆధారం. ఇటువంటి కార్యాలయాలకు పనికివచ్చే దోష నిర్ణయ శాస్త్రంలో సగం ఈ ప్రామాణిక గ్రంథానికి వెలుపల ఉన్నది.

ఆ ఖాళీని పూరించుటకు గ్రంథాలు రాలేదు. గాలివాటు సలహాలు వచ్చినవి. వాటిలో అన్నిటికన్నా ప్రచారం పొందినది ‘నాలుగు ఎనిమిదులు పెట్టు’ అనేది. గూగుల్ సంస్థ 2009 డిసెంబరులో అందరికీ ఉచితంగా తెరచిన నామ సర్వరు సంఖ్య 8.8.8.8. అది మంచి సర్వరే. కంపెనీవారి సర్వరు పలుకనప్పుడు దానిని పెట్టుకొంటే నెట్టు వచ్చును. అందువలన అది సర్వరోగ నివారిణి అన్న పేరు పడినది. కాని గార్లదిన్నెలోని ‘లెక్కలు’ ఎవరో అమెరికా సర్వరుకు తెలియుట ఎట్లా? ఇంటి లోపలి పేరును బజారులో అడిగినట్లగును. కార్యాలయం పెద్దదై, లోపలి పేర్లకు సొంత సర్వరు ఉన్నచోట ఈ సలహా ఇంకా చెడ్డ పని చేయును. ‘మొదటిది మన సర్వరు, రెండవది నాలుగు ఎనిమిదులు; మనదానికి తెలియకపోతే రెండవదాన్ని అడుగును గదా!’ అనుకొందురు. అది భ్రమ. మొదటి సర్వరు ‘లేదు’ అన్నదంటే అది జవాబే. యంత్రం రెండవదానిని అడుగదు. మొదటిది పలుకనప్పుడు మాత్రమే రెండవదాని వద్దకు పోవును. పోయినది కొంతసేపు అక్కడే ఉండిపోవచ్చును కూడా. ఆ సేపు లోపలి పేర్లన్నీ మాయమగును. మళ్లీ వాటంతట అవే వచ్చును. వచ్చి పోయే జ్వరం వలె ఉండే ఈ రోగాన్ని పట్టుకొనుట చాలా కష్టం. ‘లేదు’కు, ‘పలుకలేదు’కు గల భేదం తెలిసినవానికి మాత్రం ఈ రోగం నిమిషంలో తెలిసిపోవును. అందుచేత గ్రంథకర్తల మూల పాఠం గార్లదిన్నెలోనూ చెల్లుననుటకు ఇంతకన్న నిదర్శనం అక్కర లేదు. వారి పాఠం సరియైనదే. ఉదాహరణలే ఈ నేలవి కావు.

కాలం వలన వచ్చిన లోపం మరొకటి ఉన్నది. దానికి గ్రంథకర్తలను నిందించరాదు. 2018లో 8484వ పత్రం మరొక పద్ధతిని నిర్ణయించినది. దాని ప్రకారం వెబ్ పుటలు చూపించే బ్రౌజరు, యంత్రంలో రాసిన సర్వరును అడుగకుండా, రహస్య లిపిలో వేరొక సర్వరును నేరుగా అడుగవచ్చును. అది తెరిచి ఉన్న యంత్రంలో బ్రౌజరు ఒకరిని, ఎన్.ఎస్.లుకప్ మరొకరిని, పింగ్ వేరొక వరుసలో ఇంకొందరిని అడుగును. ముగ్గురు మూడు మాటలు చెప్పినా ఆశ్చర్యపడనక్కర లేదు. 2006 నాటి పుస్తకంలో ఇది ఉండదు. కాని ఎన్.ఐ.ఎస్. మీద హెచ్చరిక రాసినవారు ఈనాడు రాసి ఉంటే దీని మీద ఒక అధ్యాయమే రాసేవారు.

కాబట్టి తెలుగులో ఇటువంటి పుస్తకం రాయదలచినవారు ఈ గ్రంథాన్ని అనువదింపరాదు. వెనుక నుండి మొదలుపెట్టవలెను. 14వ అధ్యాయపు హెచ్చరిక వారికి మొదటి అధ్యాయం కావలెను. సర్వరును స్థాపించే అధ్యాయాలు చివరికి పోవలెను, లేక పోయినా పోవచ్చును. ఉదాహరణకు మూవీ యూనివర్సిటీ బదులు నాలుగు యంత్రాల కార్యాలయం చాలును. ఫోనులో ఒకరు చెప్పుచుండగా మరొకరు చేయదగినట్లు ప్రశ్నలు ఉండవలెను. ఏలయన మెకానిక్కు అనంతపురంలో ఉండును, యంత్రం గార్లదిన్నెలో ఉండును.

ఆ ప్రశ్నలు ఎట్లా ఉండవలెనో గుమాస్తా కథలోనే చూడవచ్చును. మొదటి ప్రశ్న: పేరుకు బదులు సంఖ్యతో పిలిస్తే ‘లెక్కలు’ పలుకుచున్నదా? గుమాస్తా ఆ యంత్రం వద్దకు పోయి దాని సంఖ్య చూసి వచ్చినాడు: 192.168.1.5. ఆ సంఖ్యతో పిలువగానే ఖాతాలు తెరుచుకొన్నవి. తీగలో దోషం లేదని తేలిపోయినది. ఆ పూట రైతుల పని కూడా సాగినది. ఇక్కడే చాలా మంది తృప్తిపడి, ఆ సంఖ్యను హోస్ట్స్ దస్త్రంలో రాసి పెట్టుదురు. సంఖ్యలు పంచిపెట్టే రౌటరు మరొకనాడు ‘లెక్కలు’కు వేరే సంఖ్య ఇచ్చినదంటే, ఆ దస్త్రం కదిరిని పాత జిల్లాలో వెదికే జాబు వలె అగును. డి.ఎన్.ఎస్. జ్ఞాపకానికి గడువు ఉన్నది. హోస్ట్స్ దస్త్రానికి గడువు లేదు. రాసినవాడు బదిలీ అయి పోవును, రాత మిగులును.

రెండవ ప్రశ్న: తక్కిన యంత్రాలు ‘లెక్కలు’ను పేరుతో పిలువగలుగుచున్నవా? పిలువగలుగుచున్నవి. అయితే లెక్కల యంత్రం పలుకుట మానలేదు. అది బజారు వలయమనుకొని మూగదైనదీ కాదు. మూడవ ప్రశ్న: పిలువలేని యంత్రం సంఖ్య ఏమి? 192.168.0.12. ఇంతటితో చిక్కు విడిపోయినది. ఒకటి ‘1’ వీధిలో ఉన్నది, మరొకటి ‘0’ వీధిలో ఉన్నది. ఎండకాలంలో వెనుక గదికి వైఫై అందడం లేదని రెండవ రౌటరు పెట్టె ఒకటి కొని, మొదటి పెట్టె నుండి వచ్చిన తీగను దాని ‘వాన్’ అనే రంధ్రంలో పెట్టినారు. ఆనాడు వెనుక గదిలో సెల్‌ఫోన్లు తప్ప కంప్యూటరు లేదు. ముందురోజే ఒక కంప్యూటరును అక్కడికి మార్చినారు. రెండవ పెట్టె తన వెనుక వేరొక వలయాన్ని కట్టుకొన్నది. వెనుక గది నుండి బయటికి పోయే పిలుపులు సంఖ్య ఉంటే పోవును, నెట్టూ వచ్చును. దండోరా మాత్రం ఆ పెట్టె వద్ద ఆగిపోవును.

మందు చిన్నది. రెండవ పెట్టె సంఖ్యను మొదటి వీధిలో ఎవరికీ లేని దానికి మార్చి, సంఖ్యలు పంచే పనిని దానిలో ఆపివేసి, తీగను ‘వాన్’ రంధ్రం నుండి పక్కనున్న ‘లాన్’ రంధ్రానికి మార్చినారు. వెనుక గది యంత్రానికి మొదటి రౌటరు నుండి కొత్త సంఖ్య వచ్చినది, ఈసారి ‘1’ వీధిలోదే. పేరుతో పిలువగానే ‘లెక్కలు’ పలికినది. ఆ తరువాత కూడా ఎవరైనా ఎన్.ఎస్.లుకప్‌తో ‘లెక్కలు’ను అడిగితే, ఆ రౌటరు యంత్రాల పేర్లను తనలో రాసుకొనే రకం కాకుంటే, ‘అటువంటి పేరు లేదు’ అనే జవాబు వచ్చును.